మూడో గదిలో మనిషి ఉన్నాడు

బెజవాడ గవర్నర్‌పేటలో చీరల హోల్‌సేల్ కొట్టు పైన, రెండో అంతస్తులో ఉండేది ఆ ఆఫీసు. అది రొయ్యల ఎగుమతి కంపెనీ అంటే కొత్తవాళ్లు నమ్మేవాళ్లు కాదు. మెట్లెక్కుతుంటే కొత్త చీరల గంజి వాసన తప్ప ఇంకే వాసనా తగిలేది కాదు మరి. రొయ్యలుండేది ఉయ్యూరు దాటాక, కాలవ గట్టు పక్కనున్న కోల్డ్ స్టోరేజిలో. ఇక్కడ కంప్యూటర్లు, అక్కడ రొయ్యలు, మధ్యలో ఫోను. రెండువేల ఏడు దాకా అలాగే నడిచింది. బాగానే నడిచింది కూడా.

ఆ ఏడు చెన్నైలో ఉండే ఓనరుగారికి ఇంటర్నెట్ పిచ్చి పట్టింది. ఇకనుంచి ఫోన్ల మీద అరుచుకోవడాలు లేవు, అంతా వెబ్‌సైట్‌లోనే అన్నారు. దానికి 'పని బోర్డు' అని పేరు. కోల్డ్ స్టోరేజిలో ఏ పని మొదలైనా బోర్డులో ఒక లైను రాయాలి. పని జరుగుతున్నంతసేపూ ఆ లైను ఎర్రగా ఉంటుంది. అయిపోయాక 'పూర్తయింది' అని నొక్కితే పచ్చబడుతుంది. ఎవరికేం చెప్పాలన్నా ఆ లైను కిందే రాసుకోవాలి. తెలుగు మాటలే, ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టేవాళ్లు. అవతలి మనిషి రాస్తుంటే 'టైప్ చేస్తున్నారు' అని చిన్న అక్షరాల్లో కనిపించేది కూడా. మొదట్లో అందరికీ అదో వింత.

"మనిషికో లాగిన్ అంటే మనిషికింతని కట్టాలి. ఎందుకండీ దండగ? నలుగురికీ ఒకటి చాలదూ?" అన్నాడు మేనేజరు తిరుపతిరావు. అలా నలుగురూ ఒకే పేరు మీద పనిచేశారు. ఆ పేరు 'ఆఫీస్'. పాస్‌వర్డు కాగితం ముక్క మీద రాసి కంప్యూటర్‌కి అంటించేశారు. గవర్నర్‌పేటలో తిరుపతిరావు, లెక్కలు చూసే శాలిని. కోల్డ్ స్టోరేజిలో సూపర్‌వైజరు అబ్దుల్లా, కంప్యూటర్ ముందు కూర్చునే ఫిన్నీ. ఎవరు ఏం రాసినా, ఎవరు ఏది నొక్కినా బోర్డులో మాత్రం 'ఆఫీస్' అనే పడేది.

ఫిన్నీ శాలినికి తమ్ముడు. తండ్రి పోయాక వాణ్ణి చదివించింది, ఫీజులు కట్టింది, బండి కావాలని అలిగితే తిట్టి అన్నం పెట్టింది, అన్నీ ఆవిడే. డిగ్రీ గట్టెక్కాక తిరుపతిరావుని బతిమాలి ఈ ఉద్యోగంలో పెట్టించింది. వాడంటే ఆవిడకి ప్రాణం. ఇంట్లో ఎవరిముందూ ఒప్పుకునేది కాదు గానీ, అది నిజం.

బోర్డుతో వచ్చిన తంటా ఏంటంటే, సాయంత్రమయ్యేసరికి అంతా పచ్చగా ఉండాలి. ఎర్రగా ఒక్క లైను మిగిలినా చెన్నై నుంచి ఓనరుగారు తిట్టేవారు. ఆ తిట్లకి తిరుపతిరావు మరి నాలుగు కలిపి కిందికి పంపేవాడు. "పచ్చ చెయ్యండ్రా బాబూ, పచ్చ చెయ్యండి! పని తర్వాత చూసుకుందురు గానీ!" అని రోజూ అదే పాట. దాంతో ఎవరి లైను ఎవరు నొక్కుతున్నారో చూడటం మానేశారు. ఇంటికెళ్లే తొందరలో ఎవరి చేతికి ఏది దొరికితే అది నొక్కేసేవాళ్లు. ఎవరో ఒకరు నొక్కారులే అనుకుని మిగతావాళ్లు తాళాలు వేసుకుని పోయేవాళ్లు.

జక్కయ్య చచ్చిపోయింది అలాగే.

జక్కయ్య కోల్డ్ స్టోరేజిలో హమాలీ. నెత్తికి మఫ్లరు, చేతిలో పెట్టెలు లాగే ఇనప కొక్కెం. ఎప్పుడూ ఏదో గొణుక్కుంటూ, ఎవరన్నా నవ్వితే తనూ నవ్వేవాడు. ఒక శనివారం సాయంత్రం మూడో గదిలో పెట్టెలు సర్దడానికి వెళ్లాడు. మూడో గదంటే గడ్డకట్టించే గది. లోపల ఊపిరి వదిలితే మీసాల మీద మంచు పేరుకుంటుంది. లోపలి నుంచి తలుపు తీసే పిడి ఎప్పుడో విరిగింది, ఎవరూ బాగుచేయించలేదు. అందుకే లైను రాశారు: 'మూడో గది. జక్కయ్య లోపల ఉన్నాడు.' ఆ లైను ఎర్రగా ఉన్నంతసేపూ తలుపుకి గడియ వెయ్యకూడదు. అదొక్కటే వాడి ప్రాణానికి కాపలా.

ఆ లైను పచ్చబడింది. అబ్దుల్లా తెర మీద పచ్చ చూశాడు, గడియ వేశాడు, బస్సెక్కాడు. మర్నాడు ఆదివారం.

సోమవారం తలుపు తీసినప్పుడు శవం తలుపుకి ఆనుకుని కూర్చుని ఉంది. తలుపు రేకు లోపలివైపంతా కొక్కేనితో కొట్టిన సొట్టలు, గీతలు. కుడి అరచేతి తోలు మొత్తం ఊడి ఆ ఇనప కొక్కేనికే అంటుకుపోయింది. ఎడమ చేతి గోళ్లు తలుపు సందులో దిగబడి ఉన్నాయి. కళ్లు మూద్దామంటే మూతపడలేదు. మంచులో అలాగే బిగుసుకుపోయాయి.

పోలీసులొచ్చారు. ఎవరు నొక్కారని అడిగారు. 'ఆఫీస్' నొక్కింది. అంతకు మించి బోర్డులో ఏమీ లేదు. ప్రమాదం అని రాసుకుని వెళ్లిపోయారు.

ఆ రాత్రి ఫిన్నీ అన్నం ముందు కూర్చుని ఏడ్చేశాడు. "అక్కా, నేనే. సినిమాకి టైమైపోతోందని... అన్నీ ఒకేసారి టిక్కు పెట్టి నొక్కేశా. చదవలేదే. ఒక్కటి కూడా చదవలేదు!"

శాలిని గబుక్కున వాడి నోరు మూసింది. వంటింట్లో తల్లి సంపూర్ణమ్మ ఉంది. "ఇంకోసారి ఆ మాట నీ నోట్లోంచి రాకూడదు. నా మీద ఒట్టు. ఎవరడిగినా నీకు తెలీదు. విన్నావా?" అంది. వాడు తల ఊపాడు గానీ, ఆ రోజు నుంచి వాడి మొహం చూస్తే ఆవిడకి భయంగానే ఉండేది. ఎవరైనా గట్టిగా అడిగితే నిజం కక్కేసేలా ఉన్నాడు.

అడగనే అడిగారు.

రోహిణి కార్తె. బెజవాడంతా ఉడికిపోతోంది. తిరుపతిరావు తన గాజు గదిలో ఏసీ వేసుకుని మజ్జిగ తాగుతున్నాడు. శాలిని బోర్డు తెరిచింది. అన్నిటికంటే పైన ఒక ఎర్ర లైను ఉంది.

'మూడో గది. జక్కయ్య లోపల ఉన్నాడు.'

తిరుపతిరావుని పిలిచి చూపించింది. "ఎవడ్రా ఈ వెధవ వేషాలు వేసేది?" అని అరిచి ఆయనే నొక్కాడు. పచ్చబడింది. మజ్జిగ గ్లాసు తీసుకునేలోపు మళ్లీ ఎర్రబడింది. మళ్లీ నొక్కాడు. మళ్లీ ఎర్ర. కింద చిన్న అక్షరాల్లో కనిపించింది... 'ఆఫీస్ టైప్ చేస్తున్నారు'.

తర్వాత ఒక్క మాట పడింది.

'ఎవరు నొక్కారు?'

శాలిని వెంటనే తమ్ముడికి ఫోన్ చేసింది. "నువ్వేనా రాసింది?"

"నేను కాదే. అబ్దుల్లా భాయ్ ఇప్పుడు నా కుర్చీలో కూర్చున్నాడు. జవాబు రాస్తున్నాడు."

తెర మీద జవాబు వచ్చింది. 'నాకు తెలీదయ్యా. నేను గడియ వేశాను, అంతే.'

ఆ తర్వాత...

'గడియ నువ్వా.'

అంతే. ఎవడో హమాలీల్లో కుర్రాడు ఆటాడిస్తున్నాడని తిట్టుకుంటూ అబ్దుల్లా టీకి లేచాడు. టీ కొట్టు దాకా వెళ్లలేదు. వెతగ్గా వెతగ్గా మూడో గదిలో దొరికాడు. బయట గడియ వేసే ఉంది. లోపల తలుపుకి ఆనుకుని నిలబడి ఉన్నాడు. నిలబడటమంటే, కాళ్లు నేలకి ఆనలేదు. దవడ కింద గుచ్చిన ఇనప కొక్కెం నోట్లోంచి బయటికొచ్చి, విరిగిన పిడి మొదలుకి తగిలించి ఉంది. కారిన రక్తం గడ్డం నుంచి పాదాల దాకా ఎర్రటి ఐసు కడ్డీలై వేలాడుతోంది. గడియ తీసింది ఫిన్నీయే. వాడు ఆ తలుపు లాగినప్పుడు అబ్దుల్లా శవం తలుపుతోపాటే ఊగుతూ వాడి మీదకి వచ్చింది.

పోలీసులు ఈసారి ఇద్దరు హమాలీలను పట్టుకెళ్లి చితక్కొట్టారు. వాళ్లకేం తెలుసు, పాపం.

"ఇంక మా తమ్ముడు అక్కడికి వెళ్లడు సార్," అంది శాలిని.

"బాగుందమ్మా! ఇప్పుడు మానేస్తే పోలీసులు వాణ్ణే అనుమానిస్తారు. ఉన్న సరుకు చెన్నై వెళ్లేదాకా కూర్చోమను. నేనేమన్నా రాక్షసుణ్ణా?" అన్నాడు తిరుపతిరావు. పోలీసుల మాట వినగానే ఆవిడ వెనక్కి తగ్గింది. కోపం మాత్రం పోలేదు. పచ్చ చెయ్యండి, పచ్చ చెయ్యండి అని చావగొట్టింది ఈయన కాదూ? పిడి బాగుచేయించనిది ఈయన కాదూ? కడుపులో చల్ల కదలకుండా ఏసీలో కూర్చుంటాడు, అక్కడ చచ్చేది మావాడా?

మూడో గది లైను అలా ఎర్రగానే ఉంది. ఎవరూ దాని జోలికి పోలేదు.

సరుకు లారీ వచ్చే రోజు మధ్యాహ్నం కరెంటు పోయింది. రోడ్డు మీద జనరేటర్లు రొదపెడుతున్నాయి. ఆఫీసులో బ్యాటరీ మీద కంప్యూటర్లు మాత్రం నడుస్తున్నాయి. అటెండరు భోజనానికి వెళ్లాడు. తిరుపతిరావు గాజు తలుపు తీసి పెట్టుకుని ఫైలుతో విసురుకుంటున్నాడు. శాలిని ఫోను మోగింది.

"అక్కా..." ఫిన్నీ గొంతు గుసగుసలా ఉంది.

"ఏంట్రా? ఎందుకలా మాట్లాడుతున్నావు?"

"బయటి షట్టర్ పడిపోయింది. నేను వెయ్యలేదు. లేవట్లేదు. అందరూ బయట లారీ దగ్గరున్నారు, అరిస్తే వినపడట్లేదు." వాడి పళ్లు టకటకా కొట్టుకుంటున్నాయి. "ఇక్కడ చలేస్తోందే. ఐసు మిషన్ల అమోనియా వాసన... కళ్లు మండిపోతున్నాయి."

ఫోనులోంచి ఇంకో చప్పుడు కూడా వినపడింది.

ధన్... ధన్... ధన్...

"ఏంట్రా ఆ చప్పుడు?"

"మూడో గది తలుపు. లోపల్నించి కొడుతున్నారు."

శాలిని తెర వైపు చూసింది. ఎర్ర లైను కింద మాటలు ఒకదాని కింద ఒకటి పడుతున్నాయి.

'ఎవరు నొక్కారు?'

'ఎవరు నొక్కారు?'

'చెప్పు.'

"అక్కా, గడియ కదులుతోంది. దానంతటదే... సగం లేచింది." వాడు వెక్కుతున్నాడు. "నేను చెప్పేస్తానే. నేనే నొక్కానని రాసేస్తా. కాళ్లు పట్టుకుంటా. జక్కయ్య మంచోడే కదే..."

"వద్దు! ఒరేయ్, వద్దురా! అబ్దుల్లా ఏమయ్యాడో మర్చిపోయావా? కీబోర్డు మీంచి చేతులు తియ్యి!"

తెర మీద కనిపించింది. 'ఆఫీస్ టైప్ చేస్తున్నారు'. అది తమ్ముడో, జక్కయ్యో ఆవిడకి తెలీదు. ధన్... ధన్... తర్వాత ఇనుము మీద ఇనుము రాసుకున్న కీచుమనే శబ్దం. ఫిన్నీ "అమ్మా" అన్నాడు. వాడు చిన్నప్పుడు కూడా దెబ్బ తగిలితే "అక్కా" అనేవాడే గానీ "అమ్మా" అనేవాడు కాదు.

శాలిని ఆలోచించలేదు. ఆలోచించలేదని తర్వాత తనకి తాను చాలాసార్లు చెప్పుకుంది. ఫోను భుజానికీ చెవికీ మధ్య నొక్కిపట్టి రెండు చేతులతో కొట్టింది.

'తిరుపతిరావు నొక్కాడు.'

చప్పుడు ఆగిపోయింది.

"అక్కా... ఆగింది," అన్నాడు ఫిన్నీ. "షట్టర్... షట్టర్ లేస్తోంది."

"పరిగెత్తు. వెనక్కి చూడకు."

అప్పుడు ఆవిడ వెనక గాజు తలుపు దానంతటదే మూసుకుంది.

"ఇదేంటిది?" అన్నాడు తిరుపతిరావు. పిడి పట్టుకుని లాగాడు. రాలేదు. నవ్వుతూ ఇంకోసారి లాగాడు. కరెంటు లేదు గానీ ఏసీ మాత్రం గుర్రుమని మొదలైంది. గాజు కింది అంచు నుంచి తెల్లటి మంచు పైకి పాకుతోంది. అమోనియా వాసన శాలిని ముక్కుకి తగిలింది.

"అమ్మాయ్, తలుపు తియ్యి," అన్నాడు. "శాలినీ! తియ్యమ్మా!"

ఆవిడ లేచింది. రెండడుగులు వేసింది. ఆయన వెనక, మంచు పొగలో, మఫ్లరు చుట్టుకున్న తల ఒకటి కనిపించింది. తల వంచి ఏదో గొణుక్కుంటోంది.

ఆవిడ కాళ్లు కదల్లేదు. కదిలితే, తెరిస్తే, వాడు తనని కూడా అడుగుతాడు. నిజంగా ఎవరని అడుగుతాడు.

మొదటి దెబ్బ భుజంలో దిగింది. కొక్కెం బిగించి వెనక్కి లాగితే తిరుపతిరావు బొమ్మలా వెనక్కి పడ్డాడు. మళ్లీ లేచి గాజుకి మొహం ఆనించాడు. నోరు కదులుతోంది గానీ మాట బయటికి రావడం లేదు. రెండోది మెడ పక్కన పడింది. రక్తం గాజు మీద చిమ్మి, కారేలోపే గడ్డకట్టింది. ఆయన రెండు అరచేతులూ గాజుకి అంటుకుపోయాయి. కొక్కెం వెనక్కి లాగిన ప్రతిసారీ ఒళ్లు వెళ్తోంది, చేతుల తోలు మాత్రం గాజు మీదే ఉండిపోతోంది. లాగింది... మళ్లీ కొట్టింది... మళ్లీ లాగింది. మూడో గది తలుపు రేకు మీద ఎన్ని సొట్టలున్నాయో అన్నిసార్లు కొట్టినట్టుంది. ఆఖరిదాకా ఆయన కళ్లు శాలినినే చూశాయి. ఎందుకు తియ్యవని ఆ కళ్లు అడుగుతూనే ఉన్నాయి.

తర్వాత మంచు గాజంతా కప్పేసింది.

కంప్యూటర్ టింగుమంది. మూడో గది లైను పచ్చబడింది.

పోలీసులు గాజు పగలగొట్టారు. గడియ లోపలివైపు నుంచే వేసి ఉంది. కొక్కెం దొరకలేదు. ఎవరు చేశారో, ఎలా చేశారో వాళ్లకి అంతు చిక్కలేదు. శాలిని ఏమీ చూడలేదని చెప్పింది. ఫిన్నీ ఉద్యోగం మానేశాడు. జ్వరంతో పడుకున్నాడు గానీ బతికే ఉన్నాడు. సంపూర్ణమ్మ గంజి తాగిస్తుంటే తాగుతున్నాడు. వాణ్ణి చూసినప్పుడల్లా శాలినికి కడుపు నిండినట్టుండేది. నా తమ్ముడు నాకు దక్కాడు, అంతే చాలు ప్రభువా, అనుకునేది. కానీ ఆదివారం చర్చిలో ప్రభువు బల్ల దగ్గర రొట్టె తీసుకోవడానికి అందరూ లేచినప్పుడు ఆవిడ లేవలేదు. ఒంట్లో బాగోలేదంది.

ఓనరుగారు ఫోన్ చేశారు. ఆఫీసు మూసేస్తున్నారట. బోర్డులో మిగిలిన లెక్కలు ఒక్క పూట కూర్చుని తేల్చేసి వెళ్లమన్నారు. "పాస్‌వర్డు మార్చానమ్మా. నీకు తప్ప ఎవరికీ చెప్పలేదు. జాగ్రత్త," అన్నారు.

పొద్దున్నే వెళ్లింది. కింద చీరల కొట్టు అప్పుడే తెరుస్తున్నారు. గాజు గది తలుపుకి అట్ట అడ్డం పెట్టి ఉంది. కిటికీలన్నీ తెరిచి, గదంతా వెలుతురు చేసుకుని కూర్చుంది. కొత్త పాస్‌వర్డు కొట్టింది. బోర్డు అంతా పచ్చగా ఉంది. హమ్మయ్య అనుకుంది.

అంతలో అన్నిటికంటే పైన ఒక ఎర్ర లైను లేచింది.

'మేనేజరు గది. తిరుపతిరావు లోపల ఉన్నాడు.'

దాని కింద ఒక్క మాట.

'ఎవరు చెప్పారు?'

శాలిని ఫోను తీసి ఇంటికి చేసింది. సంపూర్ణమ్మ ఎత్తింది. "తమ్ముడేం చేస్తున్నాడమ్మా?"

"నా పక్కనే పడుకుని నిద్రపోతున్నాడే. ఏం, ఎందుకలా ఉంది నీ గొంతు?"

ఆవిడ ఫోను పెట్టేసింది. ఎవరూ చెప్పరులే అనుకుంది. తెలిసింది తనొక్కదానికే. తను చెప్పదు. ఎర్రగా ఉంటే ఉండనీ. మెల్లగా లేచి, మెట్లు దిగి, మళ్లీ ఈ వీధి మొహం చూడకుండా వెళ్లిపోతే సరి.

లేవబోయింది. తెర మీద చిన్న అక్షరాలు కనిపించాయి.

'ఆఫీస్ టైప్ చేస్తున్నారు'.

కీబోర్డు మీద టక్కుమంది. ఒక మీట కిందికి దిగి పైకి లేచింది. తర్వాత దాని పక్కది ఇంకొకటి. ఎస్. హెచ్. ఏ. నొక్కిన ప్రతి మీట మీదా తడిగా, పల్చగా, ఒక తోలు ముక్క అంటుకుని ఉంటోంది.

శాలిని చేతులు రెండూ ఒళ్లోనే ఉన్నాయి.